నొక్కిపట్టిన బటన్

"బటన్ ఒదులమ్మా! నువ్వు ఒదిలితేనే నా మాట నీకు ఇనిపిస్తది!"

మిర్యాలగూడ కాలువ ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు ముందు ప్రభాకర్ గొంతు చించుకుంటున్నాడు.

అవతల గౌరీబాయి వదలడం లేదు. కాలువకు కాపలా తిరిగే ఆమె మొగుడు బిచ్చాను గట్టు మీద పాము కరిచింది; ఆ ఒక్క మాట సెట్టులో చెప్పి అతను పడిపోయాడు. అతని సెట్టు ఆమె అందుకుని, బటన్ వదిలితే లైను తెగిపోతుందన్న భయంతో నొక్కిపట్టి, లంబాడీలో రాగం తీసి ఏడుస్తోంది.

జీపు సిద్ధంగా ఉంది. నలభై కిలోమీటర్ల కాలువ మీద ఎక్కడికని పంపాలి?

"ఏడుసుడు తప్ప యాడున్నదో ఒక్క ముక్క చెప్పదేంది!"

ఆఫీసు ఊడుస్తున్న రంగి చీపురు ఆపింది. "చెప్తనే ఉంది సారూ. మా లంబాడోళ్ల ఏడుపుల అన్నీ చెప్పుకుంటం. ‘మూడో తూము కాడ, నువ్వు నాటిన యాపచెట్ల కింద నన్ను ఒంటిదాన్ని చేసి పోతవా’ అంటుంది."

"ఏ ఊరి తూము?"

"జర ఆగుండ్రి... త్రిపురారం దాటినంక."

డ్రైవర్ పరుగెత్తాడు.

అంతలో సెట్టులో ఏడుపు ఆగిపోయింది. ప్రభాకర్ గబగబా తన బటన్ నొక్కాడు. "గౌరీబాయీ, జీపొస్తుంది, ఇంటున్నవా?"

ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ పిలిచినా లేదు.

ఎవరినీ ముట్టనివ్వని మైకును అతను రంగి చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పు."

రంగి అదే రాగం అందుకుని ఏడ్చింది. అందులో ప్రభాకర్‌కు జీపు అన్న ఒక్క మాటే తెలిసింది.

ఆమె బటన్ వదిలింది. ఇద్దరూ సెట్టు మీదికి వంగారు.

అవతల నుంచి, ఎక్కిళ్ల మధ్య, గౌరీబాయి రాగం కలిపింది. దాని వెనక సన్నగా మగమనిషి మూలుగు కూడా వినిపించింది.