నిండు గ్లాసు

చెయ్యి కదలకుండా చూపిస్తేనే ఏ తలుపైనా తెరుచుకునే కాలం అది. వరాలమ్మ భర్త చేతి వణుకు ఆగక, ఆసుపత్రి తలుపు బయటే ప్రాణం విడిచాడు. అప్పట్నుంచి ఆమె మరో నలుగురితో కలిసి, పార్కిన్సన్స్ రోగుల కోసం జీతం లేని సేవాసంఘం నడుపుతోంది. దానికి మాత్రం తోస్తే తెరుచుకునే చెక్క తలుపు.

ఈరోజు దాన్ని తోసుకొచ్చినవాడు, చెయ్యి చూపిస్తే తెరుచుకునే ఆ తలుపులన్నీ తయారుచేసిన ఫణిభూషణం. కుడిచెయ్యి గడగడా వణుకుతోంది.

"మా ఇంటి తలుపు కూడా తెరుచుకోవట్లేదమ్మా."

"మా ఆయన పోయాక మీ దగ్గరికొస్తే, వణికేవాళ్లు ఇంట్లోనే పడుండాలన్నారు కదండీ."

అతను వెనక్కి తిరగబోయాడు.

"కూర్చోండి. టీ తాగుదురు గాని."

ఒలికి చేతులు కాలతాయని అక్కడ అందరికీ సగం గ్లాసే పోస్తారు. వరాలమ్మ పొగలు కక్కే టీ అంచుదాకా నింపి, ఆ కుడిచేతికే అందించింది.