రూఫస్-2

"మొత్తం నా చేత్తో రాసిందేనండి," అంటూ రూఫస్ సీడీ పెట్టి, బెల్లం షావుకారు ఎదుట తూకం ప్రోగ్రామ్ తెరిచాడు. తెర మీద ఏమీ రాకముందే అది చచ్చిపోయింది. రెండోసారీ అంతే. ఎందుకు చచ్చిందో చెప్పే ఒక్క ముక్క కూడా రాలేదు.

రూఫస్ పక్కనే నిలబడ్డ, తన కింద పనిచేసే కృపాజ్యోతి మీద విరుచుకుపడ్డాడు. "తప్పొస్తే రాసి చూపించే భాగం నీదే కదా! ఒక్క ముక్కా రాయలేదేటి? పరువు తీసేసేవు. రేపట్నించి ఆఫీసుకి రావద్దు!"

కృపాజ్యోతి మొహం జేవురించింది. "నా భాగం ఇంకా లేవనేలేదు సార్. ఈలోగా మీ తూకం భాగం లేచి దాన్ని పిలిచేసింది. లేని మనిషిని పిలిస్తే ఎవరు పలుకుతారు?"

"ఎవరు ముందు లేవాలో సి ప్లస్ ప్లస్‌కి తెలీదా?"

"తెలీదు. రెండు ఫైళ్లుంటే ఏది ముందన్న రూలే లేదు. మనం ఫైళ్లని వాటి పేర్ల ఏబీసీడీల వరసలో కలుపుతున్నాం కాబట్టి, అవీ ఆ వరసలోనే లేస్తన్నాయి. అలా వదిలేయొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!"

"మరి నిన్నటిదాకా ఎలా నడిచింది? ప్రోగ్రామ్‌లో నేనొక్క అక్షరం ముట్టుకోలేదే!"

ఆమె మౌస్ లాక్కుని ఫోల్డర్ తెరిచింది. లోపల రెండే ఫైళ్లు. రూఫస్-1, రూఫస్-2.

రెండోదాన్ని వేలితో పొడిచింది.

"నిన్నటిదాకా దీని పేరు కృప, సార్. ఆ వరసలో మీకన్నా నేనే ముందు."