ఏ అజాక్స్?

"ఏ అజాక్స్?" అన్నాడు ఊరిపెద్ద దమోఫాన్, ద్రాక్షసారా గిన్నె నోటిదాకా తెచ్చి ఆపేసి.

"మనవాడే," అంది ఫిలిన్నా, ఒళ్ళో బిడ్డని సర్దుకుంటూ.

బిడ్డకి పదో రోజు, పేరు పెట్టే రోజు. మొగుడు సముద్రం మీద ఉన్నాడు, పేరు నీ ఇష్టమని చెప్పి మరీ వెళ్ళాడు. విందుకి లోక్రిస్ పెద్దలంతా వచ్చారు. గుమ్మానికి ఫిలిన్నా కట్టిన ఆలివ్ దండ చూసి, మగపిల్లాడని మురిసి, నువ్వుల రొట్టెలు లాగించారు. ఇప్పుడవి గొంతులో అడ్డం పడ్డాయి.

ట్రాయ్ యుద్ధానికి వెళ్ళిన అజాక్స్‌లు ఇద్దరు. సలమిస్ వాడు ఆజానుబాహువు, పేరెన్నికగన్న వీరుడు. లోక్రిస్ వాడు అథీనా గుడిలో ఆడదాన్ని చెరబట్టిన ఘనుడు. ఆ పాపానికి పరిహారంగా ఏటా చీటీలు వేసి, ఇద్దరు కన్నెపిల్లల్ని ట్రాయ్ గుడికి ఊడిగానికి పంపుతారు. నిరుడు ఫిలిన్నా చెల్లెలు మీరో పేరు వచ్చింది. జుట్టు గొరిగి పడవెక్కించారు. అప్పట్నుంచీ ఫిలిన్నాకి ఊరిపెద్దలంటే ఒళ్ళుమంట.

"పోనీ, సలమిస్ వాడి పేరని చెప్పుకుందాంలే," దమోఫాన్ రాజీకొచ్చాడు.

"అక్కర్లేదు. యుద్ధంలో మనవాడి ఆత్మ వచ్చి నిలబడ్డానికి సైనికుల బారులో ఒక చోటు ఖాళీగా వదులుతారుగా! మర్యాదలు వాడికి, చాకిరీ మా ఆడపిల్లలకి. అంత గొప్పోడి పేరు పెట్టుకోడానికి సిగ్గెందుకు తాతా?"

"నోరు అదుపులో పెట్టుకో అమ్మాయ్. నీ కడుపుమంట నాకు తెలుసులే."

"తెలిస్తే ఒట్టు వెయ్యండి. అజాక్స్ అని పేరున్న బిడ్డని లోక్రిస్ ఏనాటికీ పరాయివాళ్ళ చేతికి అప్పగించదని."

పెద్దలు పగలబడి నవ్వారు.

"పిచ్చిదానా, మన వీరుణ్ణి మనమే అప్పగిస్తామా? కత్తి పట్టే వయసు రానీ, ఆ ఖాళీ చోటు పక్కనే నిలబెడతాం."

"అయితే వెయ్యండి. అందరూ."

దమోఫాన్‌కి రోషం వచ్చింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి, నిప్పుల మీద ద్రాక్షసారా ఒంపి, జియస్ దేవుడి మీద ఒట్టు వేశాడు. మిగతావాళ్ళూ వేశారు. ఆ ఒట్టు తప్పితే వంశం నిలవదని లోక్రిస్‌లో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు.

"పేరు అజాక్స్! ఏదీ, ఇలా ఇవ్వు," అని దమోఫాన్ చేతులు చాపాడు.

ఫిలిన్నా పొత్తిగుడ్డ విప్పి, ఒట్టు వేసిన ఆ చేతుల్లోనే తన కూతుర్ని పెట్టింది.