తొంభై ఆరు శాతం

సిద్దిరాములు వచ్చిన విసురుకు క్లాసు తలుపు గోడకు కొట్టుకుంది. ఎంటెక్ మొదటి సంవత్సరం పిల్లలు పద్నాలుగు మందీ గబుక్కున లేచి నిలబడ్డారు. ఆయన ఎవరి వైపూ చూడలేదు. నేరుగా చివరి బెంచీకి పోయి, లాంగ్ నోట్‌బుక్ టప్పున పెట్టి కూర్చున్నాడు.

కంప్యూటర్ సైన్స్ విభాగానికి పదకొండేళ్లుగా ఆయనే హెడ్డు.

"గుడ్ మార్నింగ్ సార్," అంది మహిమ, బోర్డు దగ్గర నుంచి.

ఆయన నోట్లోంచి మంచి మాట వచ్చే రోజు కాదది.

పొద్దున్నే చైర్మన్ పిలిపించి, కూర్చోబెట్టి మరీ చెప్పాడు. కరీంనగర్ బైపాస్ పక్కనున్న ఈ కాలేజీ గేటుకు యూనివర్సిటీ బోర్డు ఎక్కి ఏడాదైంది. ఇక పాత పద్ధతులు నడవవు. ఈ రీసెర్చ్ మెథడ్స్ కోర్సు గట్టెక్కకపోతే డిసెంబరులో ఉద్యోగం ఊడుతుంది. ఎవరి ఉద్యోగమో విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

మహిమ లెక్చరర్‌గా చేరి నెల కూడా కాలేదు. కాగజ్‌నగర్ పిల్ల. ఇదే కాలేజీలో, ఈయన దగ్గరే బీటెక్ చదివింది. తొమ్మిదేళ్ల కింద ఒకరోజు ఆయన పాఠం మధ్యలో లేచి, "పుస్తకంల ఉన్నది నిజమని ఎట్ల తెల్సింది సార్?" అని అడిగితే, గంట కొట్టేదాకా వరండాలో నిలబెట్టాడు. ఇప్పుడా పిల్లే పీహెచ్‌డీ చేసి వచ్చి బోర్డు ముందు నిలబడింది. ఆయనకు ఒళ్లు మండిపోతోంది.

"కొత్త మేడం ఎట్ల చెప్తదో చెక్ చేయనీకి వచ్చిండు," అని జోయల్ పక్కనున్న నర్మద చెవిలో ఊదాడు.

మహిమ స్లైడ్లు తెరవలేదు. బోర్డు మీద పెద్దగా 96 అని రాసి, పక్కన శాతం గుర్తు పెట్టింది.

"పత్తి ఆకు ఫొటో తీస్తే తెగులేందో చెప్పే యాప్ ఒకటున్నది. తొంభై ఆరు శాతం కరెక్టంట. నమ్ముతరా?"

"పేపర్ల వచ్చింది గద మేడం. నమ్మాలె," అన్నాడు జోయల్.

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ నుంచి వచ్చిన జమున లేచింది. "మా బాపు నమ్మిండు మేడం. అది చెప్పిన మందే రెండుసార్లు కొట్టిండు. నాలుగెకరాల చేను మాడిపోయింది."

ఆమె గొంతులో కోపం ఇంకా ఆరలేదు.

"అయితే మన మొదటి పాఠం అదే. తొంభై ఆరు ఎట్ల వచ్చింది? ఏ ఫొటోల మీద పరీక్ష పెట్టిండ్రు? రీసెర్చ్ చేసెటోళ్లు ముందుగాల అడగాల్సింది గదే."

చివరి బెంచీ కిర్రుమంది. సిద్దిరాములు లేచి నిలబడ్డాడు.

"ఏమమ్మా, గా యాప్ ఎవలు చేసిండ్రో ఎరుకేనా నీకు?"

"ఎరుకే సార్. మన డిపార్ట్‌మెంటే. మీరే గైడు."

"ఎరుకుండి గిట్ల నలుగుర్ల పరువు తీస్తవా? గా యాప్‌కు అవార్డు ఊకెనే ఇచ్చిండ్రా?"

మహిమ చేతిలో చాక్‌పీసు విరిగింది. "పరువు సంగతి తర్వాత మాట్లాడుదాం సార్. వాళ్ల బాపు చేను మాడింది. మీరు ఫొటోలు ఏ చేన్ల తీసిండ్రు? గది ఒక్కటి చెప్పుండ్రి."

"చేనేంది! నెట్ల మస్తుగున్నయి, దించినం."

"అండ్ల ఆదిలాబాద్‌వి ఎన్ని?"

ఆయన నోట్‌బుక్ అటూ ఇటూ తిప్పాడు. ఒక్కటీ లేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ ఈ గదిలో ఆయన ఒక్కడికే తెలుసు. ఇప్పుడు పద్నాలుగు మందికీ తెలిసిపోయింది.

ముఖం కందగడ్డలా ఎర్రబడింది. 'బయటికి నడువ్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తొమ్మిదేళ్ల కింద ఎంత సులువుగా అన్నాడు! ఇవాళ అనలేకపోయాడు. అనలేకపోయినందుకు ఇంకా మండింది.

"కూసోండ్రి సార్," అంది మహిమ, గొంతు పెంచకుండానే. "నా క్లాసు ఇంకా అయిపోలే."

హెడ్డును పట్టుకుని కూర్చోమనడమా! జోయల్ బెంచీలో కిందికి జారాడు. కానీ సిద్దిరాములు కూర్చున్నాడు. పెన్ను మూత పీకి, కాగితం చిరిగేటట్టు ఏదో రాశాడు.

"రిపోర్టు రాస్తుండు," నర్మద గొణిగింది. "మేడం పని ఖతం. రేపటి సంది మళ్ల గా పాత నోట్సే."

"నేను నోరు మూసుకొని కూసుంటే అయిపోతుండె," అనుకుంటూ జమున తల దించుకుంది. తన బాపు గురించి అడిగిన మనిషి ఈ కాలేజీలో ఒక్కతే. ఆ ఒక్కతీ తన మూలంగానే పోతుందని ఆమెకు ఏడుపొచ్చింది.

మహిమ మాత్రం బోర్డు తుడిచి ఇంటిపని చెప్పింది. "తలా ఇరవై ఆకుల ఫొటోలు తేవాలె. నెట్‌వి నడవయి, చేన్లకు పోయి తీయాలె. ఏ ఊరు, ఏ తారీఖు, చేను ఎవలది, వాళ్లను అడిగే తీసిండ్రా, అన్నీ రాయాలె. ఎవలికీ మాఫీ లేదు."

చివరి బెంచీలో పెన్ను ఇంకా బరబరా నడుస్తూనే ఉంది. పిల్లలెవరూ వెనక్కి తిరిగి చూసే సాహసం చేయలేదు.

క్లాసు ముగిసే ముందు ఆమె హాజరు రిజిస్టరు తెరిచింది. జమున, జోయల్, నర్మద, ఇలా ఎంటెక్ పేర్లన్నీ ఒక్కొక్కటిగా పిలిచింది.

ఆ పేజీ అయిపోయాక, పీహెచ్‌డీ లేనందుకు మళ్లీ విద్యార్థులుగా చేరాల్సి వచ్చిన లెక్చరర్ల పేజీ తిప్పి మహిమ అందులో ఉన్న ఒకే ఒక్క పేరు చదవగానే, సిద్దిరాములు లేచి నిలబడి, పళ్లు బిగబట్టి, "ప్రెజెంట్, మేడమ్" అన్నాడు.