ఎదురుపోటు

"పిన్నిగారూ, ఆ దంపుడు ఆపండి! నా డాక్టరేటు పోయేలా ఉంది!" భావన గుమ్మంలో నిలబడి అరిచింది.

బుల్లెమ్మ ఆపలేదు. దబ్. దబ్. రోట్లో ఆవాలు నలుగుతున్నాయి.

"ఆపితే నా ఆవకాయ పోతుందమ్మాయ్. చాట్రాయి మామిడికాయ. పొద్దున్నే ముక్కలు కొట్టాం. ఈ పూట కలపకపోతే మెత్తబడతాయి."

"మిల్లుకి పంపించండి."

"మిల్లులో ఆవపిండి వేడెక్కి చేదొస్తుంది. ఆ మాత్రం తెలీదా? నూజివీడు పిల్లవేనా నువ్వు?"

బుల్లెమ్మ పచ్చళ్ల షెడ్డు పక్కగదినే భావన అద్దెకు తీసుకుంది. అందులో ఒక గాజుగొట్టం, గొట్టంలో చిటికెడు ఆవిరి, దాని మీద పడే వెలుగు. ఆవిరిలోని అణువులను ఒక మిషను లయగా ఊపుతుంది. లయ కుదిరితే కంప్యూటర్ తెర మీది గీత రెండుగా చీలుతుంది. చీలితే మూడేళ్ల చదువు గట్టెక్కినట్టు. పదకొండింటికి పరీక్ష చెయ్యడానికి సూర్యనారాయణ సారు వస్తారు. ఇప్పుడు పదిన్నర. తెర మీద ఒక్క గీతే వణుకుతోంది.

"మీ పోటుకే అది అదురుతోందండీ. ఊయల ఊపుతుంటే మధ్యలో ఇంకొకరు చెయ్యి అడ్డం పెడతారు చూడండి, అలాగ."

బుల్లెమ్మ ఆలోచించింది. రోకలి మాత్రం ఆగలేదు.

"అయితే నువ్వు ఎదురుపోటు వెయ్యి. నాది లేచినప్పుడు నీది పడాలి. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయేమో."

భావన నోరు తెరిచింది. పుస్తకంలో ఉన్నదీ అదే.

రెండో రోకలి అందుకుంది. మొదటి పోటు రోటి అంచుకు తగిలింది. రెండోది బుల్లెమ్మ రోకలికి తగిలింది.

"అణువుల్ని ఊపుతావు గానీ రోకలి ఎత్తలేవు. ఊపిరి బిగబట్టకు. హుఁ అను."

"హుఁ!"

దబ్ దబ్. దబ్ దబ్. కుదిరింది. భావన మెడ సాచి పక్కగదిలోని తెర చూసింది. గీత చీలింది! పాపిట తీసినట్టు రెండు గీతలు.

సారు వచ్చారు. తెర చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. షెడ్డులోకి పరుగున వచ్చారు.

"ఇంత శుభ్రంగా చీలడం నేనెక్కడా చూళ్లేదమ్మా! ఇలా రా, సంతకం పెడతాను."

"రాలేనండీ... హుఁ! ఇక్కడే పెట్టండి... హుఁ!"

సారు రోటి పక్కనే గొంతుక్కూర్చుని సంతకం పెట్టారు. కాగితం మీద ఆవపిండి ఎగిరి పడింది. నాలుగు తుమ్ములు తుమ్మి వెళ్లిపోయారు.

భావన రోకలి వదిలేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. వంగి బుల్లెమ్మ కాళ్లకు దణ్ణం పెట్టింది.

"మీ ఎదురుపోటు నా మిషన్ని కాపాడింది పిన్నిగారూ!"

"మిషనేంటే? దాని రొదకి నా పోటు లయ తప్పుతోందని, పొద్దున్నే వచ్చి ఆ ఊపే మిషను స్విచ్చి కట్టేశానుగా!"