సాగని తాడు

మా యుకతాన్‌లో మంచాలుండవు. సాయంత్రమైతే గోడ కొక్కేలకు ఊయలలు తగిలించుకుని వాటిలోనే పడుకుంటాం. పోయిన వానల్లో మా ముసలాయన సోస్తెనెస్ ఊయల ఎక్కబోయి పడ్డాడు. అప్పటినుంచి అతనికి తెలియకుండా దాని తాడు నెలకు రెండు వేళ్ళు కిందికి దించుతున్నాను. చెబితే ఒప్పుకునే మనిషి కాదు.

ఇవాళ కూర్చోగానే కనిపెట్టాడు. "మళ్ళీ కిందికొచ్చిందేమే, నికనోరా?"

"తాడు సాగింది. పాడు తాడు."

"కిత్తనార సాగుతుందా? నలభై ఏళ్ళు కిత్తలి తోటల్లో మోపులు కట్టినోణ్ణి, నాకే చెప్తావా?"

"అయితే నీ ఒళ్ళే బరువెక్కింది. నన్ను చూడు, మోకాళ్ళ నొప్పులు తగ్గి ఊయల ఇట్టే ఎక్కి దిగుతున్నా."

అతను నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దుటినుంచి మొక్కజొన్న రుబ్బి నా చేతులు పడిపోయాయి. వాదించే ఓపిక లేదు. ఎందుకో ఆ నవ్వు నచ్చక, నా ఊయల తాడు ఒకసారి తడిమి చూశాను.

ముడి నాది కాదు. తోటల్లో మోపులకు వేసే ముడి.

"సోస్తెనెస్!"

"అదీ సాగిందిలే," అన్నాడు ఇటు తిరగకుండానే. "పాడు తాడు. పడుకో."