ఇద్దరికీ ఒకే అంకె

పండిన ధాన్యం జనానికి చాలకుండా పోయిన పన్నెండో ఏడు అది. ఇంటికి ఒక్క బిడ్డకే ప్రభుత్వం తిండి అంకె ఇస్తోంది. అంకె లేని బిడ్డకు గంజిపొడి రాదు. గరివిడి దగ్గరి కాన్పుల కేంద్రంలో ఆ అంకెలు వేసేది నర్సు అప్పలనరసమ్మ. పుట్టిన బిడ్డ రెండు పాదాలూ యంత్రం పలక మీద అద్దితే అంకె పడుతుంది.

ఆ ఉదయం పైడమ్మకు కవలలు పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలే.

"ఎవుల్ని అద్దమంటావమ్మా?" నర్సు తల వంచుకునే అడిగింది.

పైడమ్మ రెండు మొహాలూ మార్చి మార్చి చూసింది. "నానెలా సెప్పగల్నమ్మా? నువ్వే ఒకదాన్ని ఎత్తుకో. నాను అటు తిరిగి తొంగుంటాను," అని గోడవైపు తిరిగి చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

నర్సు దగ్గరున్న బిడ్డను ఎత్తుకుంది. రెండోది చలికి వణుకుతూ కాళ్లు తన్నుకుంటోంది. ఇన్నేళ్లలో ఆమె అద్దకుండా వదిలేసిన పాదాలు ఎన్నో. వాటిలో ఒక్కటీ నడక నేర్వలేదు. ఈసారి ఆమెకు చెయ్యాడలేదు. రెండోదాన్నీ ఎత్తి, ఒకదాని కుడిపాదం, ఇంకోదాని ఎడమపాదం పలక మీద అద్దింది. యంత్రం ఒకే అంకె చూపించింది.

"ఇటు తిరుగమ్మా. పొడి ఒకలిదే వస్తాది. ఇద్దరికీ సగం సగం పొయ్యాల."

పైడమ్మ లేచి ఇద్దర్నీ ఒడిలోకి లాక్కుంది. "సగం సాల్తాదా అమ్మా?"

అబద్ధమాడడానికి నర్సుకు నోరు రాలేదు. "సాలదు. ఈయేళకి ఇద్దరూ ఉన్నారు గదా, పాలు పట్టు."

ముందు ఎవరికి పట్టాలో తోచక పైడమ్మ చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.